‘మంచి’ అని ఎవరు రాశారు?
బడుల్లో ‘సానుకూల ప్రవర్తన తోడ్పాటు’ పనిపై ఒక విమర్శ

ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల జాబితా తీసి చూడండి. యానాదుల పేరు పక్కనే నాలుగు ఉపశాఖల పేర్లు ఉంటాయి: చెల్ల యానాది, కప్పల యానాది, మంచి యానాది, రెడ్డి యానాది. మనవాళ్లు కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న పేర్లలా ఇవి వినబడవు. ఏం తింటాడు, ఎవరి దగ్గర పని చేస్తాడు అని గట్టు మీద నిలబడి చూసినవాళ్లు పెట్టిన పేర్లలా ఉన్నాయి. నలుగురిలో ఒకరికి ‘మంచి’ అని రాశారు. మిగిలిన ముగ్గురూ ఏమిటో రాయలేదు. రాయనక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఈ మాట ముందుగా ఎందుకు ఎత్తామంటే, ‘మంచి ప్రవర్తన’ అనే మాట ఇప్పుడు బడుల్లోకి కొత్త బట్టలు కట్టుకుని వస్తోంది. ఇంగ్లీషులో దాని పేరు పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్. తెలుగులో సానుకూల ప్రవర్తన తోడ్పాటు అనుకోవచ్చు. బడి బడికీ తిరిగి ఆ పద్ధతి నేర్పే మనిషిని కోచ్ అంటారు. మన ప్రభుత్వ బడుల్లో ఆ పేరుతో పోస్టు వినబడదు గాని, ఆ పనిని ముక్కలు ముక్కలుగా చేసేవాళ్లు ఉన్నారు. క్లస్టర్ రిసోర్స్ టీచర్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం తిరిగే ఐ.ఇ.ఆర్.పి.లు, హాస్టల్ వార్డెన్లు, స్వచ్ఛంద సంస్థల తరఫున వచ్చే యువతీ యువకులు. బందరు, గుడివాడ, దివిసీమల్లో డిగ్రీ దాకా వచ్చిన మన యానాది, ఎరుకల, సుగాలి పిల్లలకు ఇలాంటి పని చేతికి అందే కాలం ఇది. ఈ వ్యాసం వాళ్ల కోసం. వాళ్లను తరగతిలోకి రానిచ్చే ఉపాధ్యాయుల కోసం కూడా.

ముందు ఈ పద్ధతికి దక్కవలసిన గౌరవం దక్కాలి. 1980లలో అమెరికాలో తీవ్రమైన మానసిక వైకల్యం ఉన్నవాళ్లను ‘దారిలో పెట్టడానికి’ నొప్పి కలిగించే పద్ధతులు వాడేవారు. కరెంటు షాకులు కూడా అందులో ఉన్నాయి. అది తప్పని తిరగబడినవాళ్ల ఆలోచన నుంచి ఈ పద్ధతి పుట్టింది. తర్వాత ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ సుగాయ్, రాబర్ట్ హార్నర్ వంటివారు దాన్ని మామూలు బడులకు తెచ్చారు. 1997లో అక్కడి వికలాంగ పిల్లల విద్యా చట్టంలోనూ దానికి చోటు దొరికింది. సారాంశం ఇదీ: పిల్లవాడు కొట్టినా, పారిపోయినా, మూగగా కూర్చున్నా ఆ ప్రవర్తన అతనికి ఏదో ఒక పని చేసిపెడుతూ ఉంటుంది. ఆ పని ఏమిటో తెలుసుకోకుండా శిక్షిస్తే ప్రవర్తన మారదు, దాక్కుంటుంది. కాబట్టి ముందు గమనించు, తర్వాత పరిసరాన్ని మార్చు, ఆ తర్వాతే పిల్లవాడికి మరో దారి నేర్పు.

మన దగ్గరా చట్టం బెత్తాన్ని తీసేసింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యా నియమాల్లో 122వ నియమాన్ని సవరించి బడుల్లో కొట్టడాన్ని నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, దెబ్బలతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. దెబ్బ పోయిన చోట ఏం పెట్టాలో మాత్రం ఉపాధ్యాయులకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అరవై మందిని ముందు కూర్చోబెట్టుకున్న మాస్టారికి ‘కొట్టకు’ అన్న జీవో ఒక్కటే చేతిలో ఉంటే ఆయన ఏం చేస్తాడు? నోటికి పని చెబుతాడు. ఆ నోటి నుంచి వచ్చే మాటల్లో మన తెగల పేర్లుంటాయి. మా విమర్శ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

కోచ్ చేతిలో మూడు గడుల కాగితం ఒకటి ఉంటుంది. మొదటి గడిలో ‘ముందు ఏం జరిగింది’, రెండో దానిలో ‘పిల్లవాడు ఏం చేశాడు’, మూడో దానిలో ‘తర్వాత ఏం జరిగింది’. చూడటానికి చిన్న కాగితమే గాని మంచి కాగితం. నాగాయలంక వైపు ఒక ఆరో తరగతి పిల్లవాడిని అనుకుందాం. రెండో పీరియడ్ అయ్యేసరికి గోడ దూకి వెళ్లిపోతాడు. పట్టుకొస్తే తరగతి బయట నిలబెడతారు. అక్కణ్నుంచి మళ్లీ వెళ్లిపోతాడు. స్టాఫ్ రూములో అతని గురించి ఒకటే మాట: ‘వాళ్లకి చదువు అబ్బదండీ.’

ఇప్పుడు గడులు నింపి చూద్దాం. ఆ రోజు ముందు ఏం జరిగింది? స్కాలర్‌షిప్ కాగితాల కోసం ఒకరు తరగతిలోకి వచ్చి ‘ఎస్టీలు ఎవర్రా, లేచి నిలబడండి’ అన్నారు. నలభై మందిలో అతనొక్కడే లేచాడు. వెనక బెంచీలో ఎవరో ముక్కు మూసుకున్నారు, ఇంకొకరు నవ్వారు. తర్వాత ఏం జరిగింది? బయటికి వెళ్తే నవ్వు వినబడదు. మేనమామతో కలిసి మడ అడవి పాయల్లోకి వెళ్తే మండ పీతలు దొరుకుతాయి. పీతకు తూకం ఉంటుంది, డబ్బుంటుంది, ‘పట్టావురా’ అనే మాట ఉంటుంది. ఇలా చూస్తే బయట నిలబెట్టడం అతనికి శిక్ష కాదు, అతను కోరుకున్నదే ఇవ్వడం. గోడ దూకడం అతని రోగమూ కాదు. ఆ గదిలో అతనికి మిగిలిన ఒక్క మర్యాదైన దారి అది.

ఇది కనిపెట్టగలిగిన కోచ్ చేయవలసిన పని చాలా తేలిక. స్కాలర్‌షిప్ జాబితాను తరగతిలో కేక వేసి చదవడం ఆపించాలి. ఫారాలు ఒక్కొక్కరికి విడిగా ఇప్పించాలి. పైసా ఖర్చు లేదు. కాని చాలాచోట్ల జరిగేది ఇది కాదు. మొదటి గడిలో ‘హాజరు పిలిచారు’ అని రాసి, రెండో గడిలో ‘తరగతి విడిచి వెళ్లాడు’ అని రాసి, ఆ వారం కూర్చుంటే నక్షత్రం, రెండు వారాలు కూర్చుంటే పెన్ను అని లెక్క వేస్తారు. నవ్వు కాగితం మీదికి ఎక్కదు. ముక్కు మూసుకున్న చెయ్యి ఎక్కదు. నవ్వును భరిస్తూ కూర్చోవడానికి పిల్లవాడికి ఒక పెన్ను కూలి ఇస్తున్నామని ఎవరికీ తోచదు. కాగితం మీద ‘ముందు’ అనే గడి రెండంగుళాలు. మన పిల్లల ‘ముందు’ అంత చిన్నది కాదు.

బడి గురించి పెద్దలు ఇష్టంగా చదివే పుస్తకాలు మూడు నాలుగు ఉన్నాయి. గిజుభాయి ‘పగటికల’, చలం ‘బిడ్డల శిక్షణ’, తెలుగులో ‘రైలుబడి’గా వచ్చిన టెట్సుకో కురొయనాగి పుస్తకం. మూడింటిలోనూ పిల్లలకు స్వేచ్ఛ, పెద్దలకు ఓపిక కావాలన్న మాట ఉంది. బడుల తనిఖీ అధికారిగా పనిచేసిన చలానికి తరగతి గది భయం ఎలాంటిదో కళ్లారా తెలుసు. అయినా మన పిల్లల వైపు నుంచి చదివితే మాకు ‘రైలుబడి’లోని ఒక చిన్న సంఘటన మిగతా అన్నిటికంటే ఎక్కువ అనిపిస్తుంది. మసావో అనే కొరియన్ పిల్లవాడు దారిలో టోటోచాన్‌ను ‘కొరియన్!’ అని ద్వేషంతో అరుస్తాడు. ఆ పిల్ల జపాను పిల్ల. ఎందుకలా అన్నాడో అర్థంకాక ఇంటికెళ్లి అమ్మకు చెబుతుంది. అమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అందరూ తనను అదే మాటతో తిడుతుంటే, ఆ పిల్లవాడు అదొక తిట్టు మాట అనుకున్నాడని ఆవిడకు అర్థమవుతుంది.

తన జాతి పేరే తిట్టని నమ్మిన పిల్లవాడు. కృష్ణా డెల్టాలో దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. స్నానం చేయని పిల్లను, జుట్టు రేగిన పిల్లను వేరే కులాల తల్లులు ఏమని తిడతారో మనకు తెలుసు. ఆ మాట విని పెరిగిన మన పిల్లవాడు ఆటలో ఓడిపోయినప్పుడు అదే మాటతో ఇంకొకడిని తిడితే, కోచ్ కాగితం మీద ‘అసభ్య భాష’ అని పడుతుంది. మసావో మీద ఫిర్యాదు రాయడం సులువు. టోటోచాన్ వాళ్ల అమ్మ చేసిన పని, అంటే ఆ మాట అతని నోటికి ఎలా చేరిందని వెనక్కి నడవడం, కష్టం. ఆవిడ ఏ శిక్షణా తీసుకోలేదు. ఆ సంఘటనలో నిజమైన కోచ్ ఆవిడే అని మా అభిప్రాయం.

ఇక మెచ్చుకోలు సంగతి. ఈ పద్ధతిలో ఉపాధ్యాయుడు ఒకసారి సరిదిద్దితే నాలుగైదు సార్లు మెచ్చుకోవాలంటారు. కోచ్ వెనక బెంచీలో కూర్చుని గీతలు గీస్తూ లెక్కపెడతాడు. మెచ్చుకోలు తక్కువైన తరగతుల్లో ఇది మేలే చేస్తుంది. కాని ఆ గీతల్లోకి ఎలాంటి మాటలు చేరుతాయో చూడండి. ‘మీవాళ్లలో నువ్వు నయంరా.’ ‘శుభ్రంగా వచ్చావే, చూస్తే యానాది పిల్లలా లేవు.’ ‘ఎరుకలోళ్ల పిల్ల అయినా చేతిరాత ముత్యాల్లా ఉంది.’ మూడూ నవ్వుతూ, ప్రేమగానే అన్న మాటలు. కోచ్ కాగితంలో మూడు గీతలు సానుకూలం కింద పడతాయి. పిల్లకు వినిపించేది వేరు: మీ అమ్మ మంచిది కాదు, మీ నాన్న మంచివాడు కాదు, వాళ్లకు దూరమైనంత మేరకు నువ్వు మంచిదానివి. ఇలాంటి మెచ్చుకోలు రోజుకు పది విన్న పిల్ల పదో తరగతికి వచ్చేసరికి తన పేట పేరు చెప్పడానికి జంకుతుంది. తల్లి బడికి వస్తే ‘పక్కింటి ఆవిడ’ అంటుంది. తిట్టు మీద కోపం తెచ్చుకోవచ్చు. ఈ మెచ్చుకోలు మీద కోపం ఎలా తెచ్చుకోవాలో పిల్లకు తెలియదు. అందుకే తిట్టుకంటే ఇది లోతుగా దిగుతుందని మేము అనుకుంటాం.

మెచ్చుకోవడానికి విషయం దొరకదా? దొరుకుతుంది. ‘నిన్న తప్పు పోయిన లెక్కను ఈరోజు నీ అంతట నువ్వే మళ్లీ వేశావు’ అనవచ్చు. సైన్సులో ఆటుపోట్ల పాఠం వచ్చినప్పుడు హంసలదీవి వైపు పిల్లవాడిని లేపి, పున్నమికి పోటు ఎంతవరకు ఎక్కుతుందో, పాటుకు నీళ్లు ఎంత దూరం పోతాయో చెప్పమనవచ్చు. పుస్తకంలో ఒక బొమ్మ ఉంటుంది. వాడి కాళ్లకు ఆ నీళ్లు తెలుసు. బడి ఆవరణలో పాము కనబడిన రోజున అందరూ పిలిచేది ఆ పిల్లవాడినేగదా. ఆ ఒక్క రోజే అతని తెలివి గుర్తుకు రావడం ఏం న్యాయం?

అవనిగడ్డ పేరు చెబితే ఉపాధ్యాయ ఉద్యోగాలకు చదివినవాళ్లకు డీఎస్సీ కోచింగ్ గుర్తుకొస్తుంది. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, రాత్రింబవళ్లు చదువుతారు. విద్యా మనోవిజ్ఞానం పేపరులో స్కిన్నర్ తప్పకుండా ఉంటాడు. పెట్టెలో ఎలుక, మీట నొక్కితే తిండి, కార్యసాధక నిబంధనం, పునర్బలనం. బిట్లు బట్టీపడతారు. ఆ గదుల నుంచి కొంచెం దూరం నడిస్తే వరి పొలాల్లో మనవాళ్లు ఎలుకలు పడుతుంటారు. ఈ రెండు ఎలుకలూ ఒకదాన్నొకటి ఎప్పుడూ కలుసుకోలేదు.

పొలంలో ఎలుక పట్టే మన పెద్దవాడు వెంటనే బుట్ట పెట్టడు. ముందు గట్టు వెంబడి నడుస్తాడు. కన్నం ముందు కొత్త మట్టి ఉందా, ఎండిన మట్టి ఉందా చూస్తాడు. ఏ పక్క నుంచి నడుస్తోంది, ఎక్కడ దుబ్బు కొరికింది, నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, రెండో కన్నం ఎటుంది అని చూస్తాడు. అన్నీ తేలాక సాయంత్రం బుట్ట పెట్టి తెల్లవారి తీస్తాడు. మేము పిల్లలను ఎలుకలతో పోల్చడం లేదు. ఆ పని స్కిన్నర్ వారసులు చేశారు. మేము పోలుస్తున్నది చూసే ఓపికను. పెట్టెలోని ఎలుకకు ఒక మీట, ఒక గిన్నె తప్ప వేరే లోకం లేదు. కాబట్టి దాని ప్రవర్తనకు కారణం మీట అని తేల్చవచ్చు. పొలంలోని ఎలుకకు వాన ఉంది, కాలువ ఉంది, కోతలున్నాయి, గట్టు అవతల ఇంకొక చేను ఉంది. పొలాన్ని చదవకుండా ఎలుక నడక అర్థంకాదని నిరక్షరాస్యుడైన మన తాతకు తెలుసు. ప్రవర్తన తోడ్పాటు పద్ధతి కూడా మాటల్లో ‘పరిసరం’ అంటుంది గాని, దాని కాగితాల్లో తరగతి గది ఇంకా పెట్టెలాగే కనిపిస్తుంది. నాలుగు గోడలు, ఒక మీట, ఒక నక్షత్రం.

మన పిల్లల పొలం ఎలాంటిది? గుడివాడ చుట్టుపక్కల, నందివాడ వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా కుటుంబాలు ఉంటాయి. చెరువు ఎక్కడుంటే గుడిసె అక్కడ. పట్టుబడి అయిపోతే మకాం మారుతుంది, పిల్లవాడి బడి దూరం మారుతుంది. సార్వా కోతలప్పుడు, అంటే నవంబరు, డిసెంబరుల్లో, ఎలుకల పని ముమ్మరంగా ఉంటుంది. పిల్లలు పెద్దల వెంట వెళ్తారు. ఈ రెండు నెలల్లోనే ‘హాజరు నక్షత్రం’ పోటీ పెడితే గెలిచేది బడి పక్క డాబాలో ఉండే పిల్లవాడు. గెలిచినందుకు అతనిని తప్పు పట్టనక్కర్లేదు. కాని అది ప్రవర్తనకు ఇచ్చిన బహుమతి కాదు, ఇంటి చిరునామాకు ఇచ్చిన బహుమతి.

గోడ మీద అంటించే నియమాలు కూడా చూద్దాం. అమెరికా బడుల నుంచి వచ్చిన మూడు మాటలు దాదాపు అంతటా ఒకటే: గౌరవంగా ఉందాం, బాధ్యతగా ఉందాం, జాగ్రత్తగా ఉందాం. ఎవరు కాదంటారు? చిక్కు వాటి కింద రాసే వివరాల్లో ఉంది. ‘పెద్దలతో కళ్లలోకి చూసి మాట్లాడాలి’ అని గౌరవం కింద రాస్తారు. మన పిల్లవాడికి ఇంట్లో నేర్పింది వేరు. ఆసామి ముందు తల వంచు, నోరెత్తకు, అడిగినదానికే చెప్పు. అలా నేర్పకపోతే తండ్రికి పని పోయేది, దెబ్బలు కూడా పడేవి. బడిలో తల వంచితే పొగరు, గట్టు మీద తల ఎత్తితే పొగరు. పిల్లవాడు ఏం చేయాలి? ‘బాధ్యత’ కింద ‘బడికి ఇతరులను తీసుకురాకూడదు’ అని ఉంటుంది. చంకలో తమ్ముడితో వచ్చిన నాలుగో తరగతి పిల్లకు ఆ వారం నక్షత్రం ఉండదు. ఆ గదిలో అందరికంటే బాధ్యత మోస్తున్నది ఆ పిల్లే అని ఏ గోడా చెప్పదు. భాష మాటా అంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎనిమిది గిరిజన భాషలను తీసుకున్నారు. బంజారా అందులో ఉంది, ఎరుకల భాష లేదు. యానాదులు తెలుగే మాట్లాడతారు కాబట్టి సమస్యే లేదనుకున్నారు. ఆ తెలుగు యాసకు తరగతి నవ్వుతుందన్నది ఏ లెక్కలోకీ రాలేదు.

మంచి ప్రవర్తనకు బహుమతి అనే ఆలోచన మన తెగలకు కొత్తదేమీ కాదు. దీన్ని మన యువత గట్టిగా గుర్తుంచుకోవాలి. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజ్యంలో అమలయింది. ఎరుకలవాళ్లను, కొన్నిచోట్ల యానాదులను పుట్టుకతోనే నేరస్థులని రాశారు. కృష్ణకు అవతల, బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు అలా వచ్చిందే. సాల్వేషన్ ఆర్మీవాళ్లు నడిపారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అక్కడ హాజరు పిలిచేవారు. ఊరు దాటాలంటే పాస్ కావాలి. పాస్ కావాలంటే నడవడి బాగుందని పైవాడు అనుకోవాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది. మద్రాసు రాజ్యపు ఎరుకల సెటిల్‌మెంట్ల చరిత్రను మీనా రాధాకృష్ణ 2001లో ఒక పుస్తకంగా రాశారు. ఇంగ్లీషు చదవగలిగిన ప్రతి గిరిజన విద్యార్థీ చదవాలి. అమెరికాలోనూ ఇదే కథ. 1879లో కార్లైల్‌లో పెట్టిన బోర్డింగ్ బడిలో ఆదివాసీ పిల్లలకు జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడనివ్వకుండా ‘బాగు’ చేశారు. నేటికీ అక్కడ నల్లజాతి పిల్లలు, ఆదివాసీ పిల్లలు తెల్ల పిల్లల కంటే ఎక్కువగా బడి నుంచి సస్పెండ్ అవుతుంటారు. ఈ పద్ధతి పుట్టిన గడ్డ మీదే దాని ముందున్న పరీక్ష ఇంకా ముగియలేదన్నమాట.

ఈ చరిత్ర తెలిశాక కోచ్ పనికి పోవద్దా? పొమ్మనే అంటాం. కాని ఆ పని ఏమిటో సరిగ్గా తెలుసుకుని వెళ్లాలి. చాలామంది అనుకునేది, కోచ్ అంటే అల్లరి పిల్లలను దారికి తెచ్చేవాడని. అసలు పద్ధతిలో కోచ్ శిష్యుడు పిల్లవాడు కాదు, ఉపాధ్యాయుడు. మారవలసింది ముందుగా పెద్దవాళ్ల అలవాట్లు. దివిసీమలో ఈ మాట చెప్పినంత తేలిక కాదు. ఇరవై మూడేళ్ల యానాది కుర్రాడు యాభై దాటిన మాస్టారి తరగతిలో వెనక కూర్చుని, సాయంత్రం ‘సార్, మీరు ఈరోజు ఫలానా పిల్లను ఫలానా మాటతో పిలిచారు’ అని చెప్పాలి. ఆ మాస్టారి పొలంలోనే ఈ కుర్రాడి తండ్రి కాపలా ఉండవచ్చు. ‘నువ్వా నాకు చెప్పేది’ అనే మాట ఆయన నోటి నుంచి రాకపోయినా కుర్రాడి చెవిలో మోగుతుంది. అందుకని చాలామంది తేలికైన దారి పడతారు. మాస్టారిని వదిలేసి పిల్లల మీద పడతారు, నక్షత్రాలు పంచుతారు, మన పేట పిల్లల మీద మనవాడే నిఘా అవుతాడు. సంస్థకు నివేదిక చక్కగా వెళ్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఉచ్చు గురించి మీకు ముందే తెలియాలి. ఒంటరిగా వెళ్లకండి. ప్రధానోపాధ్యాయుడు మొదటి రోజే అందరి ముందు ఒక మాట చెప్పాలని అడగండి: ఇతను తనిఖీకి రాలేదు, పై అధికారులకు మీ మీద ఏమీ రాయడు, మీతో పనిచేస్తాడు. ఆ మాట లేకపోతే ఉపాధ్యాయుడు మీ ముందు నటిస్తాడు, మీరు వెళ్లాక మామూలే. అవమానం మరీ హద్దు దాటితే చట్టం ఉంది. నలుగురిలో కులం, తెగ పేరుతో కావాలని అవమానించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కాని రోజూ పోలీసు పేరు ఎత్తే కోచ్ మాట ఏ తరగతిలోనూ చెల్లదు. ఎక్కువమంది ఉపాధ్యాయులు చెడ్డవాళ్లు కాదు. వాళ్ల మాట వాళ్లకే వినబడదు, అంతే. వినిపించేవాడు కావాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క విన్నపం. గోడ మీద నియమాలు రాసే ముందు ఒక సాయంత్రం పేటలోకి రండి. తల్లిదండ్రుల సమావేశం పగలు పదకొండు గంటలకు పెట్టి, రాలేదని రాసుకోవద్దు. ఆ సమయానికి మన తల్లులు కూలిలో ఉంటారు. దీపాలు పెట్టాక రండి. గౌరవం అంటే మీ ఇంట్లో ఏమిటి అని అడగండి. ‘మావాణ్ని నాలుగు తగిలించండి సార్, అప్పుడే చదువుతాడు’ అని తండ్రే అంటాడు, ఆశ్చర్యపోకండి. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత కూడా చెబుతాడు. తను తిన్న దెబ్బలే చదువు అనుకున్న మనిషి అతను. అతనితో మాట్లాడటం కూడా ఈ పనిలో భాగమే.

చివరిగా కాగితాల సంగతి ఒకటి తేల్చుకోవాలి. నేరస్థ తెగల ముద్రను 1952 ఆగస్టు 31న తీసేశారు. తర్వాత అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. రిజిస్టరు పేరు మారింది గాని రిజిస్టరు పోలేదు. మన కుటుంబాలకు ‘నీ గురించి రాసి ఉంది’ అన్న మాట వినగానే వచ్చే భయం అక్కడిది. పిల్లవాడి ప్రవర్తన మీద కోచ్ రాసే ప్రతి కాగితమూ ఆ నీడలోనే ఉంటుంది. అందుకని మేము అడుగుతున్నది ఇంతే. ఆ కాగితం మీద తెగ పేరు రాయకూడదు. ‘దొంగ’, ‘మొండి’, ‘వీళ్లంతే’ వంటి మాటలు రాయకూడదు. కంటికి కనిపించింది, చెవికి వినిపించిందే రాయాలి. మొదటి గడిలో పెద్దవాళ్లు అన్న మాట ఉన్నదున్నట్టు రాయాలి. అది తరగతి ఉపాధ్యాయుడి దగ్గర తప్ప బీరువా ఫైళ్లలోకి, సంస్థ కంప్యూటర్లలోకి పోకూడదు. టి.సి.తో పాటు తర్వాతి బడికి వెళ్లకూడదు. ఏప్రిల్‌లో బడి మూసే రోజున తల్లిని పిలిచి, చదివి వినిపించి, ఆ కాగితాలన్నీ ఆవిడ చేతికే ఇచ్చేయాలి. పొయ్యిలో పెట్టుకుంటుందో, దాచుకుంటుందో ఆవిడ ఇష్టం.